బర్రెకు బీమా: దండగా... అండగా?

పోయిన ఆదివారం పొద్దున్నే మా వదిన ఫోన్ చేసింది. ఆదివారం పొద్దున ఆమె ఫోన్ చేసిందంటే ఏదో ఒక తగువు నా నెత్తిన పడబోతోందన్నమాటే.

"అమ్మాయ్, రేపు పశువుల డాక్టరు ఊళ్ళోకొస్తాడంట. బర్రెలకు బీమా కట్టేవాళ్ళు పేర్లియ్యమంటా ఉండారు. మీ అన్నేమో కడదామంటాడు. నాకేమో మనసొప్పలా. మొన్న కట్టింది ఏమైందో నీకు తెలుసుగదా! నువ్వు చదువుకున్నదానివి. నువ్వే చెప్పు, కట్టమంటావా, వద్దంటావా?"

నేను చదివిన బి.ఏ.లో బర్రెల బీమా గురించి ఒక్క పాఠమూ లేదు. ఆ మాట అంటే మా వదిన వినదు. "రెండు రోజులు ఆగు వదినా, కనుక్కుని చెప్తా" అన్నాను.

విచిత్రం చూడండి, ఆ సాయంత్రమే మా పైవాటాలో ఉండే ఆవిడ మెట్లు దిగి వచ్చింది. వాళ్ళ లాబ్రడార్ కుక్కకు బీమా చేయించమని హైదరాబాదులో ఉన్న కొడుకు పోరుతున్నాడట. "కుక్కకు కూడా బీమా ఏమిటండీ, విడ్డూరం కాకపోతే! అన్ని వేలు కట్టి ఏం లాభం?" అంటుంది ఆవిడ.

ఒకే రోజున రెండు ఇళ్ళ నుంచి ఒకటే ప్రశ్న. ఒకటి నెల్లూరు టౌనులో సోఫా మీద పడుకునే కుక్క గురించి, ఇంకొకటి మైపాడు దారిలో ఇందుకూరుపేట దాటాక కొట్టంలో నెమరేసుకునే బర్రె గురించి. సరే, ఇక తప్పదని కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. నాకు తేలిన సంగతులు మీకూ పనికొస్తాయేమోనని ఇలా రాస్తున్నాను.

చెవి పోగు కథ

ముందు మా వదిన కోపానికి కారణం చెప్పాలి.

మా పుట్టింటి పక్క ఒకప్పుడు పశువుల్ని తోలుకుపోతే చాలు, బీళ్ళలో కడుపునిండా మేసి వచ్చేవి. సముద్రం పక్క పల్లెల్లో రొయ్యల గుంటలు పెరిగాక బీళ్ళు తగ్గిపోయాయి. ఇప్పుడు వరిగడ్డి కొనాలి, తవుడు కొనాలి, బర్రెను కట్టేసి మేపాలి. అయినా మా వదిన పాడి వదల్లేదు. పొదుపు సంఘంలో అప్పు తీసుకుని ఒక మంచి పాలబర్రెను కొనింది. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డాక, సారాకు పోయే డబ్బును పొదుపు చేద్దామని మన జిల్లాలో మొలకెత్తినవే ఈ పొదుపు సంఘాలు. ఆ అప్పుతో కొన్న బర్రె పాలతోనే పిల్లవాడి కాలేజీ ఫీజు, గ్యాసు బండ, మా అన్న మందులు. బర్రెకు బీమా కూడా కట్టింది. చెవికి పన్నెండంకెల పసుపు బిళ్ళ వేశారు. ఫోటో తీశారు.

కొన్నాళ్ళకు ఆ బర్రె ముళ్ళకంచెలో తల దూర్చి చెవి చీల్చుకుంది. బిళ్ళ ఊడి కిందపడింది. మా వదిన దాన్ని కడిగి, తుడిచి, భద్రంగా మెంతుల డబ్బాలో పెట్టింది. భద్రమైతే భద్రమే! కానీ ఎవరికీ చెప్పలేదు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను మన తీరాన్ని ఒరుసుకుంటూ పోయి బాపట్ల దగ్గర ఒడ్డు దాటింది గదా. ఆ వానలకు పొలాల్లోని పురుగూ పుట్రా అంతా మెరకకు చేరింది. గడ్డివాము పక్కన కట్టేసిన బర్రెను పాము కరిచింది. తెల్లారేసరికి నురగలు కక్కి పడి ఉంది. డాక్టరు వచ్చాడు, కోసి చూశాడు, పాముకాటేనని రాసిచ్చాడు. కాగితాలన్నీ పంపారు. కొన్ని వారాలకు జవాబు వచ్చింది. చచ్చిపోయిన బర్రె చెవికి పోగు లేదు గనక అది బీమా చేసిన బర్రే అనేందుకు ఆధారం లేదని, డబ్బు ఇవ్వడం కుదరదని.

"నా బర్రె నాకు తెలీదా?" అని మా వదిన ఏడ్చిన ఏడుపు నాకింకా చెవుల్లో ఉంది. బర్రె పోయింది, బీమా పోయింది, సంఘం అప్పు మాత్రం నిలిచింది. పాలు లేకుండా నెలనెలా కంతు కట్టింది ఆమె. ఎట్లా కట్టిందో ఆమెకే తెలుసు. ఆమె చేతుల గాజులు రెండు కనబడకుండా పోయాయని నేను గమనించాను, అడగలేదు.

ఇప్పుడు కొత్తగా ఇంకో పాలబర్రె వచ్చింది. అందుకే ఆ ప్రశ్న.

కుక్కకు వేరు, బర్రెకు వేరు

నాకు ముందుగా అర్థమైంది ఏమిటంటే, పైవాటా ఆవిడ కొనబోయే బీమా, మా వదిన కొనబోయే బీమా పేరుకే ఒకటి. లోపల సరుకు వేరు.

నిజానికి జంతువుల బీమా పుట్టింది కుక్కల కోసం కాదు. స్వీడన్ లాంటి దేశాల్లో మొదట గుర్రాలకు, పశువులకు వచ్చి, తర్వాతే కుక్కలకు పాకింది. మన దేశంలోనూ అంతే. ప్రభుత్వరంగ కంపెనీలు పాడిపశువులకు పాలసీలు ఇవ్వడం ఎప్పటినుంచో ఉంది. కేంద్ర ప్రభుత్వం 2005-06లో దేశంలో నూరు జిల్లాల్లో సగం ప్రీమియం తానే భరిస్తూ పాడిపశువుల బీమా పథకం మొదలుపెట్టింది. పెంపుడు కుక్కలకు ప్రైవేటు కంపెనీలు గట్టిగా పాలసీలు అమ్మడం ఈ మధ్య మాట.

కుక్క పాలసీల్లో ముఖ్యమైనది వైద్యం ఖర్చు. ఆపరేషను, ఆసుపత్రిలో ఉంచడం లాంటివి. కొన్నిటిలో కుక్క ఎవరినైనా కరిస్తే వాళ్ళకు కట్టాల్సిన పరిహారం కూడా ఉంటుంది. అంటే అక్కడ ప్రశ్న, "ఉన్నట్టుండి పెద్ద ఆసుపత్రి బిల్లు వస్తే నేను భరించగలనా?" అని.

బర్రె పాలసీ సాధారణంగా వైద్యానికి పైసా ఇవ్వదు. పొదుగువాపుకు సూదులు వేయించినా, పాలజ్వరానికి సెలైను ఎక్కించినా మన డబ్బే. పశువు చచ్చిపోతేనే బీమా సొమ్ము వస్తుంది. అంటే ఇక్కడ ప్రశ్న, "ఈ బర్రె రేపు లేకపోతే ఇంకో బర్రెను కొనే తాహతు నాకుందా?" అని.

ఈ తేడా తెలియక చాలామంది, "మూడేళ్ళు బీమా కట్టాం, బర్రెకు జబ్బు చేస్తే ఒక్క రూపాయి ఇవ్వలేదు" అని తిట్టుకుంటారు. ఇవ్వరమ్మా! అది ఆ పాలసీలో లేనే లేదు.

పాల లెక్కలో ప్రీమియం

ఇక లెక్కకు వద్దాం. లెక్కలంటే భయపడకండి, పాలు పోయించుకునే వాళ్ళందరికీ వచ్చిన లెక్కే ఇది.

బర్రె ఖరీదు 80,000 రూపాయలు అనుకుందాం. ఏడాదికి నూటికి 3 రూపాయల చొప్పున ప్రీమియం అనుకుంటే 2,400 రూపాయలు. రోజుకు ఏడు రూపాయల లోపు. సబ్సిడీ లేకుండా మనమే మొత్తం కడితే అంత.

ఇందులో ఇంకో లెక్క ఉంది. నూటికి 3 రూపాయలంటే, నూరు బర్రెల్లో ఏడాదికి మూడు చచ్చిపోతే కట్టిందీ వచ్చిందీ సరికి సరి. అంతకంటే తక్కువ చస్తే కంపెనీకి లాభం. కంపెనీ వాళ్ళు ధర్మానికి పెట్టుకోలేదు గనక, చాలామంది విషయంలో కట్టింది వచ్చినదానికంటే ఎక్కువే అవుతుంది. ఆ సంగతి దాచుకోనక్కర్లేదు.

అందుకే ఇరవై బర్రెలున్న ఆసామి, బ్యాంకులో డబ్బున్న ఆసామి బీమా కట్టకపోయినా మునిగిపోడు. ఒకటి పోతే పందొమ్మిది ఉన్నాయి. ప్రీమియం డబ్బు పక్కన పెట్టుకున్నా అతనికి సరిపోతుంది. కానీ ఉన్నది ఒక్క పాలబర్రె, అదీ అప్పు మీద కొన్నది అయితే? నూటికి మూడు అనే లెక్క ఆ ఇంటికి వర్తించదు. వాళ్ళకు పోతే నూటికి నూరూ పోయినట్టే.

ఇప్పుడు సబ్సిడీ మాట. 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం జాతీయ పశుగణ మిషన్ కింద బీమా నిబంధనలు మార్చింది. అంతకుముందు రైతు వాటా ప్రీమియంలో 20 నుంచి 50 శాతం దాకా ఉండేది. దాన్ని అందరికీ 15 శాతం చేశారు. మిగతాది కేంద్రం, రాష్ట్రం పంచుకుంటాయి. పై లెక్కలో 2,400కు 15 శాతం అంటే 360 రూపాయలు. రోజుకు ఒక్క రూపాయి! ఆ ధరకు, రెండువందల ఇరవై బర్రెల్లో ఏడాదికి ఒక్కటి పోయినా కట్టినవాళ్ళకు లెక్క సరిపోతుంది.

అయితే ఇక్కడొక మెలిక. సబ్సిడీ బీమాలో పశువుకు ఇంత మొత్తం వరకే అని హద్దు ఉండవచ్చు. మీ బర్రె 80,000 చేసినా, కాగితం మీద అంతకంటే బాగా తక్కువ రాస్తే, వచ్చేది ఆ తక్కువే. బర్రెను నీళ్ళలో ఉంచి బేరం చేసినట్టు అని సామెత ఉంది కదా, బీమాలో అట్లాంటి బేరం పనికిరాదు. బర్రె ఒడ్డున ఉన్నప్పుడే, ఎంతకు బీమా చేస్తున్నారో కాగితం మీద చదివి చూసుకోవాలి. హద్దు మరీ తక్కువైతే మిగతా మొత్తానికి ఏం చేయాలో ముందే ఆలోచించుకోవచ్చు.

తుఫాను సాయం వస్తుందిగా?

"తుఫానొస్తే గవర్నమెంటోళ్ళు ఇస్తారుగదా, మళ్ళీ బీమా ఎందుకు?" అని మా వదిన అడిగింది. మంచి ప్రశ్నే. 1989 నవంబరులో కావలి దగ్గర ఒడ్డు దాటిన తుఫాను మొదలు, 2021 నవంబరులో పెన్న పొంగి కోవూరు పక్క ఊళ్ళు మునిగిన వరద దాకా చూసినవాళ్ళం మనం.

ప్రకృతి విపత్తులో పాడిపశువు చనిపోతే సాయం ఇచ్చే పద్ధతి ఉంది. 2022-26 కాలానికి కేంద్రం నిర్ణయించిన లెక్క ప్రకారం పాడి గేదెకు, ఆవుకు 37,500 రూపాయలు, గొర్రెకు, మేకకు 4,000 రూపాయలు. పెద్ద పాడిపశువులైతే ఇంటికి మూడింటి వరకే.

కానీ చూడండి, ఆ సాయం విపత్తులో పోయినవాటికి. మామూలు రోజున కరెంటు తీగ తగిలి చచ్చినా, ఈనలేక చచ్చినా, జబ్బు చేసి చచ్చినా ఆ సాయం రాదు. బర్రెలు ఎక్కువగా పోయేది మామూలు రోజుల్లోనే. తుఫాను సాయం పైనుంచి వచ్చే చేయూత. బీమా మనం కొనుక్కున్న హక్కు. ఒకటి ఉందని రెండోది వదులుకోకూడదు.

కాగితం వెనక పక్క

బీమా దండగ అయ్యేది ఎక్కువగా ప్రీమియం వల్ల కాదు, షరతులు తెలియకపోవడం వల్ల. మా వదిన విషయంలో జరిగింది అదే. పశువుల ఆసుపత్రిలో అడిగి, పాలసీ కాగితం చదివి రాసుకున్న ముఖ్యమైన విషయాలు ఇవి:

పోగు పోతే క్లెయిము పోయినట్టే అనుకోండి. చెవి పోగు ఊడిన రోజే పశువుల ఆసుపత్రికీ, కంపెనీకీ తెలియజేయాలి. కొత్తది వేయించి, ఆ నంబరు పాలసీలో రాయించాలి. పోగు కనబడేట్టు బర్రె ఫోటో ఒకటి ఫోనులో దాచుకోండి.

పాలసీ తీసుకున్న మొదటి 15 రోజుల్లో జబ్బుతో చనిపోతే సాధారణంగా డబ్బు రాదు. జబ్బు చేశాక బీమా కడదామంటే ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వినట్టే.

గొంతువాపు, జబ్బవాపు, గాలికుంటు లాంటి టీకాలున్న జబ్బులతో పోతే, టీకా వేయించినట్టు ఆధారం అడుగుతారు. టీకాలు వేసిన తేదీలు రాయించుకున్న కార్డు పాలసీతో పాటే ఉంచండి.

పాలబర్రెకు సాధారణంగా మూడేళ్ళ నుంచి పన్నెండేళ్ళ వయసు వరకే బీమా ఇస్తారు.

దొంగలు తోలుకుపోతే, నిర్లక్ష్యం వల్ల పోతే మామూలు పాలసీలో రాదు. పాలు శాశ్వతంగా ఆగిపోయినా, ఇక చూడి నిలవకపోయినా డబ్బు రావాలంటే చాలా పాలసీల్లో దానికి వేరుగా ప్రీమియం కట్టాలి.

పశువు చనిపోతే డాక్టరు చూసి పోస్టుమార్టం చేసేదాకా పూడ్చకండి. వెంటనే కంపెనీకి చెప్పండి. చెవి పోగు తీసి పారేయకండి. జబ్బుగా ఉన్నప్పుడు 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఆ వైద్యం చేయించిన కాగితాలు తర్వాత సాక్ష్యంగా పనికొస్తాయి.

మూడేళ్ళ పాలసీ దొరికితే ఏడాది ఏడాదికీ కట్టేదానికంటే సాధారణంగా చౌక. గడువు మర్చిపోయే బాధ కూడా ఉండదు.

క్లెయిము ఇవ్వమంటే కారణం కాగితం మీద రాసివ్వమని అడగండి. బీమా నియంత్రణ సంస్థ ఫోను నంబరు 155255. అక్కడా తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. రెండేళ్ళలోగా వెళ్ళాలి. అయిదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. చెవి పోగు తగాదాలు అక్కడికి కొత్తేమీ కాదు. మా వదినకు అప్పుడు ఈ మాట చెప్పేవాళ్ళు లేకపోయారు. చదువుకున్నదాన్ననే పేరు మోస్తున్న నాకూ తెలియకపోయింది. ఆ సిగ్గుతోనే ఇది ఇంత వివరంగా రాస్తున్నాను.

రెండు బర్రెలు, రెండు జవాబులు

మంగళవారం బస్సెక్కి ఊరికి పోయాను. ఫోనులో చెప్పే మాటలు కావివి.

కొట్టంలో రెండు బర్రెలున్నాయి. ఒకటి కొత్తగా కొన్నది, రెండో ఈత. ఇంకొకటి ముసలిది. మా అమ్మ చేతుల మీద పెరిగిన పెయ్యకు పుట్టింది. దాని వయసు పన్నెండు ఎప్పుడో దాటింది. పూటకు లీటరు పాలిస్తే గొప్ప. కానీ అమ్మ పోయాక దాన్ని అమ్మే మాట ఎత్తడానికి మా అన్నకు నోరు రాదు.

క్యాలెండరు వెనక లెక్క వేసి చూపించాను. "వదినా, కొత్త బర్రెకు కట్టు. దాని మీద అప్పుంది. అది పోతే నీ చేతిలో ఇంకోదాన్ని కొనే డబ్బు లేదు. ముసలిదానికి కట్టడానికి వీల్లేదు, కట్టించుకోరు కూడా. దాని పేర నెలకు రెండు వందలు విడిగా దాచిపెట్టు. జబ్బు చేస్తే మందులకు అవుతుంది."

వదిన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి లోపలికి పోయి మెంతుల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. మెంతుల మధ్య ఆ పసుపు బిళ్ళ అట్లాగే ఉంది.

"దీన్ని చూస్తే నాకు ఆ కంపెనీ మీద కోపం అనుకుంటావా? నా మీద నాకే కోపం అమ్మాయ్. కిందపడిన రోజే చెప్పుంటే..."

"నీకు చెప్పాలని ఎవరు చెప్పారు వదినా? కాగితం ఇంగ్లీషులో ఇచ్చి, సంతకం పెట్టించుకుని పోతిరి. చదివి చెప్పే బాధ్యత వాళ్ళకూ ఉంది, మనకూ ఉంది" అన్నాను.

పైవాటా ఆవిడకు కూడా నా జవాబు చెప్పాను. కుక్కకు ఆపరేషను అవసరమైతే చేతిలో ఆ డబ్బు ఉంటుందనుకుంటే, ప్రీమియం సొమ్ము దానికే విడిగా దాచుకోవచ్చు. ఉండదనుకుంటే, కుక్క చిన్నవయసులో ఉన్నప్పుడే పాలసీ తీసుకోవడం మేలు. ఏయే జబ్బులకు ఇవ్వరో చదివాకే సంతకం పెట్టమన్నాను. ఆవిడ ఇంకా ఆలోచిస్తోంది. ఆలోచించే తీరిక ఆవిడకు ఉంది.

మా వదినకు లేదు. బుధవారం పొద్దున పేరిచ్చింది. వేలిముద్ర వేయకుండా సంతకమే పెడతానని పట్టుబట్టి, కాగితంలో ఎంత మొత్తం రాశారో డాక్టరు చేత చదివించుకుందట.

నిన్న మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి తగువు లేదు.

"రోజూ సాయంత్రం పాలు పితికే ముందు బర్రె చెవి తడిమి చూసుకుంటా ఉండా అమ్మాయ్. మీ అన్న నవ్వుతా ఉండాడు, చంటిబిడ్డ కమ్మలు చూసుకున్నట్టు చూసుకుంటున్నావే అని."

నవ్వనీ వదినా, నవ్వనీ. ఆ చెవిలో వేలాడేది ఉత్త బిళ్ళ కాదు. పిల్లవాడి ఫీజు, గ్యాసు బండ, సంఘంలో నీ మాట, అన్నీ దానికే వేలాడుతున్నాయి.